వెన్నులో నరం నొక్కుకున్నప్పుడు కోత లేని వైద్యం

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము ముందుగా తెరిచేది పాల సేకరణ పుస్తకం. పాతపట్నం చుట్టుప్రక్కల ఒక గ్రామ సంఘంలో ఆ పుస్తకం తిరగవేస్తుండగా, రెండు పూటలా తప్పకుండా పాలు పోసే ఒక సభ్యురాలి పేరుకు ఎదురుగా పదకొండు రోజులుగా గడులు ఖాళీగా కనిపించినవి. గేదె ఒట్టిపోయిందా అని కార్యదర్శిని అడిగాము. "గేదె బాగానే ఉందండీ, ఆవిడే మంచం పట్టింది. ఆవిడ చేతికి తప్ప ఆ గేదె చేపదు" అని ఆయన చెప్పారు.

ఇంటికి వెళ్ళి పలకరించాము. "నడుం కాదు బాబూ, కాలే లాగేత్తంది. పిక్కలోంచి బొటనేలు దాకా మంటెత్తిపోతంది" అన్నది ఆమె. ఎవరో ఫోటో తీయించి, వెన్నులో నరం నొక్కుకుపోయింది, ఆపరేషను చేయించకపోతే కాలు పడిపోతుందని చెప్పారట. ఆమె భర్త సాలలోని గేదె వైపు చూపించి, "దీన్ని అమ్మేత్తాను బాబూ, ఇంకేటి సేత్తాను" అన్నాడు. ఆ యింటికి ఉన్నది ఆ ఒక్క పాడి గేదె.

మేము వైద్యులము కాము. సహకార డిప్లొమా చదివి, లెక్కల పుస్తకాలతో వయస్సు గడిపినవాళ్ళము. అయినా ఇదే నొప్పిని మేమూ అనుభవించి ఉన్నాము. వైద్యుల వద్ద విన్నదీ, తరువాత చదివి తెలుసుకున్నదీ సభ్యులకు ఉపయోగపడగలదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. ఇది వైద్యుని సలహాకు బదులు కాదు. గేదెను అమ్మకానికి పెట్టేముందు ఏమి అడగాలో, ఏ గుర్తు కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగరాదో తెలుపటమే మా ఉద్దేశ్యము.

నొప్పి పుట్టే చోటు

మన వెన్ను ఒకే ఎముక కాదు. ఒకదానిపై ఒకటి పేర్చిన పూసల వరుస. నడుము భాగంలో అయిదు పెద్ద పూసలు ఉంటవి. పూసకూ పూసకూ మధ్య ఒక మెత్తటి బిళ్ళ ఉంటుంది. దీనినే డాక్టర్లు డిస్కు అంటారు. దాని చుట్టూ గట్టి నారపొరలు, లోపల తాటిముంజె వంటి గుజ్జు. బరువు మోసినప్పుడు, వంగినప్పుడు పూసలు ఒరుసుకోకుండా కాచేది ఈ బిళ్ళయే.

ఏళ్ళ తరబడి వంగి బరువులెత్తడం వలన, వయస్సు వలన, నారపొర పలచబడి ఎక్కడో ఒక చోట చిట్లుతుంది. లోపలి గుజ్జు వెనుకకు పొడుచుకువస్తుంది. సరిగ్గా అక్కడే వెన్నుపాము నుంచి కాలికి పోయే నరాలు బయటకు వచ్చే సందు ఉన్నది. గుజ్జు నరాన్ని నొక్కుతుంది. అంతేకాక దాని తాకిడికి నరం వాచి ఎర్రబడుతుంది. నొప్పిలో చాలా భాగం ఈ వాపు వల్లనే. వాపు తగ్గితే, నొక్కుడు కొంత మిగిలి ఉన్నా నొప్పి తగ్గగలదు. కోత లేని వైద్యమంతా ఈ ఒక్క సంగతి మీద నిలిచి ఉన్నది.

నడుము నుంచి కాలికి దిగే నరాలు కలిసి పిరుదు వెనుక మన వ్రేలంత లావుగల ఒక పెద్ద నరమవుతవి. ఒంట్లో అన్నిటికంటె లావైన నరం ఇదే. అందుకే జబ్బు నడుములో ఉన్నా నొప్పి పిరుదు, తొడ, పిక్క మీదుగా పాదానికి దిగుతుంది. దగ్గినా, తుమ్మినా, ముక్కినా పొడుస్తుంది. నొప్పితోపాటు తిమ్మిరి, చీమలు పాకినట్లుండటం కూడా ఉండవచ్చును. ఇంగ్లీషు వైద్యంలో దీనిని సయాటికా అంటారు. ఆయుర్వేదంలో గృధ్రసి అంటారు. గృధ్రమనగా రాబందు. ఈ నొప్పి గలవాడు కాలు ఈడ్చుకుంటూ రాబందు వలె నడుస్తాడని ఆ పేరు. ఈ రాబందు మాట సభ్యులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దానితో పని పడుతుంది.

జబ్బు పాతదే గాని, పొడుచుకువచ్చిన డిస్కే దీనికి ముఖ్య కారణమని వైద్యలోకానికి తేటపడినది 1934లో. అమెరికాలోని బోస్టన్ నగరపు వైద్యులు మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు ఆ సంవత్సరం ఆపరేషను చేసిన రోగుల వివరాలు ప్రకటించారు. అది మొదలు ఆపరేషన్లు పెరిగినవి. అయితే ఆపరేషను లేకుండా ఎంతమందికి నయమవుతుందన్న లెక్క తేలడానికి మరి యాభై ఏళ్ళు పట్టింది.

పాడి పనికీ దీనికీ ఉన్న సంబంధం

స్వీడన్ దేశపు వైద్యుడు నాకెమ్‌సన్ 1960 దశకంలో మనుషుల డిస్కులోకి సన్నని సూది పంపి, ఏ భంగిమలో ఎంత ఒత్తిడి పడుతుందో కొలిచాడు. నిటారుగా నిలుచున్నప్పటి ఒత్తిడిని 100 అనుకుంటే, వెల్లకిలా పడుకున్నప్పుడు 25. నిలబడి ముందుకు వంగితే 150. వంగి బరువు పట్టుకుంటే 220. కూర్చుని, ముందుకు వంగి, బరువు పట్టుకుంటే 275. ఊరక కూర్చోవడం విషయంలో తరువాతి వారి కొలతలు కొంత తేడాగా వచ్చినవి గాని, వంగి బరువెత్తడమే నడుముకు చేటన్న సంగతిలో మార్పు లేదు.

ఇప్పుడు మన పని చూడండి. తెల్లవారుజామున గేదె క్రింద గొంతుకు కూర్చుని ముందుకు వంగి పాలు పితకడం. నిండిన బకెట్టును అదే వంగుడులో పక్కకు తిప్పి పెట్టడం. పేడ ఎత్తడం. కుడితి తొట్టి నింపడం. గడ్డి మోపు తలకెత్తుకోవడం. ఇక సంఘం గుమ్మం వద్ద నలభై లీటర్ల క్యాను. అందులోని పాలే నలభై ఒక్క కిలోలు. క్యాను బరువు కూడా కలిపితే యాభైకి దగ్గర. దానిని ఒక్కడే వంగి, నడుము మెలితిప్పి, వ్యాను మీదికి విసిరినట్లు ఎత్తడం మేము ప్రతి సంఘంలోనూ చూస్తున్నాము. ఎత్తిన మనిషిని చుట్టూ ఉన్నవారు మెచ్చుకుంటారు. ఆ మెప్పుకు తగిన ధర నడుమే చెల్లిస్తున్నది.

తొందర ఎందుకు వద్దు

సభ్యులకు మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇది. డిస్కు వలన నరం నొక్కుకున్నవారిలో ఎక్కువమందికి ఆరు వారాల నుంచి మూడు నెలల లోపల, కోత లేకుండానే నొప్పి బాగా తగ్గిపోతుంది. బయటకు వచ్చిన గుజ్జును మన ఒళ్ళే మెల్లమెల్లగా కరిగించి పీల్చుకుంటుంది. పూర్తిగా బయటపడిన పెద్ద ముక్కలు, కొద్దిగా ఉబ్బిన వాటికంటె త్వరగా కరగడం కూడా వైద్యులు ఫోటోలలో చూస్తున్నారు.

దీనికి లెక్కలున్నవి. నార్వే దేశపు వైద్యుడు వెబర్, ఆపరేషను కావాలో వద్దో తేలని 126 మంది రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఆపరేషను, రెండవ జట్టుకు మామూలు వైద్యం చేయించి, పదేళ్ళు కనిపెట్టి, 1983లో ఫలితం ప్రకటించాడు. ఒక ఏడాదికి ఆపరేషను జట్టు మెరుగుగా ఉన్నది. నాలుగేళ్ళకు చెప్పుకోదగిన తేడా మిగలలేదు. పదేళ్ళకు రెండు జట్లూ ఒకటే.

2007లో నెదర్లాండ్స్ దేశంలో 283 మంది మీద ఇటువంటి పరీక్షయే జరిగింది. వెంటనే ఆపరేషను చేయించుకున్నవారికి నొప్పి త్వరగా తగ్గింది. ఆగి చూసిన వారిలో నూటికి 39 మందికి తరువాత ఆపరేషను చేయవలసి వచ్చింది. మిగిలిన వారికి అవసరమే పడలేదు. ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ నూటికి 95 మంది కోలుకున్నారు. అనగా ఆపరేషను వృధా అని కాదు. తగిన మనిషికి అది నొప్పిని త్వరగా తీస్తుంది. కాని అందరికీ, మొదటి వారంలోనే, గేదెను అమ్మి చేయించుకోవలసినది కాదు.

ఫోటో గురించి కూడా ఒక మాట. 1994లో అమెరికాలో నడుము నొప్పి ఏమాత్రం లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీయగా, సగానికి పైగా మనుషులకు ఏదో ఒక డిస్కు ఉబ్బి కనిపించింది. కాబట్టి ఫోటోలో ఉబ్బు ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని గాని, ఆపరేషను తప్పదని గాని అర్థం కాదు. ఫోటో చెప్పేదీ, కాలు చెప్పేదీ ఒకటిగా ఉన్నదా అని వైద్యుడు మనిషిని పరీక్షించి తేల్చాలి.

మా అనుభవము

కొన్నేళ్ళ క్రితం మేము మోటారు సైకిలు మీద సంఘాలు తిరుగుతున్న రోజుల్లో ఎడమకాలికి ఈ నొప్పి వచ్చింది. ఒకచోట ఫోటో చూసి, వారం లోపల ఆపరేషను కాకపోతే కాలు చచ్చుబడుతుందన్నారు. మా కాలును ముట్టుకుని చూసినవారు అక్కడ లేరు. భయపడి అప్పుకు తిరిగాము.

ఒక మిత్రుని మాట మీద ప్రభుత్వ ఆసుపత్రిలో మరొక వైద్యునికి చూపించాము. ఆయన ఫోటో ప్రక్కన పెట్టి మమ్మల్ని మడమల మీద నడవమన్నారు, తరువాత మునివేళ్ళ మీద నడవమన్నారు. బొటనవ్రేలు పైకెత్తమని తన చేతితో అదిమి పట్టారు. మోకాలి క్రింద చిన్న సుత్తితో కొట్టి చూశారు. మూత్రం సరిగా వస్తున్నదా అని అడిగారు. అంతా చూసి, "బలం తగ్గలేదు. ఆరు వారాలు ఆగుదాం. ఈలోగా కాలు బలం తగ్గినా, మూత్రం బిగిసినా ఆ రోజే రండి" అన్నారు. తొమ్మిదవ వారంలో మేము తిరిగి బండి ఎక్కాము. ఆపరేషను జరగలేదు. అప్పూ చేయలేదు.

ఆగమన్న వైద్యుడు ఊరకే ఆగమనలేదు. ముందు పరీక్షించారు. ఏ గుర్తు కనిపిస్తే ఆగరాదో చెప్పారు. పరీక్ష లేకుండా ఆపరేషను అనడం ఎంత తప్పో, పరీక్ష లేకుండా ఏమీ కాదనడమూ అంతే తప్పు.

కోత లేని వైద్యం ఏమిటి

1. నడక. మంచం పట్టరాదు. నొప్పి మరీ ఎక్కువగా ఉంటే ఒకటి రెండు రోజులు పడుకోవచ్చు. ఆపైన ఇంట్లో, వాకిట్లో, తరువాత వీధి చివరి దాకా, రోజుకు నాలుగయిదు సార్లు కొద్దికొద్దిగా నడవాలి. 1999లో నెదర్లాండ్స్‌లో 183 మంది రోగులలో సగం మందిని రెండు వారాలు మంచం మీదే ఉంచారు, సగం మందిని తిరగనిచ్చారు. పన్నెండు వారాలకు రెండు జట్లలోనూ నూటికి 87 మందికి నయంగా ఉన్నది. మంచం వలన కలిగిన లాభమేమీ లేదు. మన వంటి వారికి దానివలన పోయేది పని, కండ బలము.

2. పడక. గట్టిగా ఉండే పడక మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళ క్రింద తలగడ పెట్టుకోవాలి. లేదా పక్కకు తిరిగి మోకాళ్ళ మధ్య తలగడ ఉంచాలి. కుంగిపోయిన నులక మంచం పనికిరాదు. లేచేటప్పుడు ముందు పక్కకు దొర్లి, చేతులతో ఒత్తుకుని లేవాలి.

3. వ్యాయామము. న్యూజీలాండ్‌లో మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు వద్దకు 1956లో కాలినొప్పితో ఒక రోగి వచ్చాడు. తలవైపు ఎత్తుగా ఉన్న బల్ల మీద అతడు పొరపాటున బోర్లా పడుకుని, నడుము వెనుకకు వంగిన భంగిమలో కొద్ది నిమిషాలు ఉండిపోయాడు. లేచేసరికి కాలినొప్పి తగ్గింది. ఆ సంఘటన నుంచి ఒక వ్యాయామ పద్ధతి తయారయింది. బోర్లా పడుకుని రెండు మూడు నిమిషాలు ఉండాలి. తరువాత మోచేతుల మీద ఛాతీ ఎత్తి ఉండాలి. కొన్ని రోజులకు అరచేతుల మీద, నడుము వదులుగా విడిచి పైకి లేవాలి. పాదంలోని నొప్పి పిక్కకు, పిక్కలోనిది తొడకు, అక్కడి నుంచి నడుముకు వెనుదిరుగుతూ ఉంటే, నడుములో కాస్త ఎక్కువైనా అది మంచి సూచన. నొప్పి ఇంకా క్రిందికి దిగితే ఆ వ్యాయామం మానివేయాలి. మొదటిసారి ఫిజియోథెరపిస్టు ఎదుట నేర్చుకోవడం క్షేమం. గర్భవతులు దీనికి పూనుకోరాదు.

4. కాపడము. వేడినీళ్ళ సంచి, ఉప్పు మూట మంచివే. తిమ్మిరెక్కిన చోట వేడి తెలియక చర్మం కాలుతుంది గనుక, చక్కెర జబ్బు గలవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. నూనెతో మెల్లగా రాయడంలో తప్పు లేదు. కణుపులు విరవడం, గుద్దించడం కూడదు.

5. నడుము పట్టీ, బరువులు వేలాడదీసే ట్రాక్షన్. పట్టీ ప్రయాణానికో, కొద్ది రోజుల పనికో వాడుకోవచ్చు. నెలల తరబడి కడితే నడుము కండలు బలం తప్పుతవి. ట్రాక్షన్ వలన చెప్పుకోదగిన మేలు ఉన్నట్లు పరీక్షలలో తేలలేదు.

6. వెన్నులో సూదిమందు. వాచిన నరం దగ్గరకు స్టెరాయిడ్ మందు చేర్చే సూది ఒకటి ఉన్నది. నొప్పి భరించలేనివారికి కొన్ని వారాల ఉపశమనం ఇవ్వవచ్చు. జబ్బును కుదర్చదు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ, అందులో శిక్షణ గల వైద్యుడే వేయాలి. చక్కెర జబ్బు ఉన్నవారికి కొన్నాళ్ళు చక్కెర పెరుగుతుంది గనుక ముందే చెప్పుకోవాలి.

వయస్సు మీరిన కొందరికి జబ్బు మరొక తీరుగా ఉంటుంది. నాలుగడుగులు వేయగానే రెండు కాళ్ళూ బరువెక్కుతవి, కూర్చుని ముందుకు వంగితే హాయిగా ఉంటుంది. సైకిలు తొక్కగలరు గాని నడవలేరు. నరాలు పోయే దారి ఇరుకు కావడం ఇందుకు కారణము. వీరికి వెనుకకు వంగే వ్యాయామం సరిపడదు. ముందుకు వంగేవి, మోకాళ్ళు ఛాతీకి చేర్చేవి నేర్పుతారు.

తలమీద మోపులు మోసే వారికి మెడలోనూ నరం నొక్కుకోవచ్చు. అప్పుడు నొప్పి భుజం మీదుగా చేతి వ్రేళ్ళకు దిగుతుంది. చేయి తలమీద పెట్టుకుంటే కొందరికి హాయిగా ఉంటుంది. ఇది కూడా చాలామందికి వారాలలో సర్దుకుంటుంది. అన్నాళ్ళూ తలమీద మోత మానాలి. మెడను ఎవరిచేతా విరిపించుకోరాదు.

నొప్పి బిళ్ళల గురించి హెచ్చరిక

నొప్పి బిళ్ళలు వాపు తగ్గిస్తవి. వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పిన కొద్ది రోజులు, అన్నం తిన్న తరువాత వేసుకుంటే ఉపయోగమే. మన జిల్లాలో జరుగుతున్నది వేరు. దుకాణంలో అడిగి తెచ్చుకుని, పనికి వెళ్ళేముందు ఒకటి, వచ్చాక ఒకటి, నెలల తరబడి మింగుతున్నారు.

ముందు చెప్పిన రాబందు సంగతి ఇక్కడ చూడండి. మన చిన్నతనంలో ఊరి బయట గొడ్డు చచ్చి పడితే రాబందులు గుంపులుగా వాలేవి. 1990 తరువాత అవి దేశమంతటా మాయమైనవి. కారణం 2004లో బయటపడింది. పశువులకు నొప్పికీ వాపుకూ వేసే డైక్లోఫెనాక్ మందు చచ్చిన గొడ్డు మాంసంలో మిగిలి ఉండి, దానిని తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందు నిషేధించింది. మనుషుల కోసం తయారయ్యే పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని, 2015లో మనుషుల సూదిమందును కూడా మూడు మిల్లీలీటర్ల సీసాకే పరిమితం చేసింది. మనం నడుము నొప్పికి మింగే బిళ్ళ సాధారణంగా ఆ మందే, లేదా దాని తోబుట్టువు. మనిషి రాబందు కాదు, కొద్ది రోజుల మోతాదును మన మూత్రపిండాలు తట్టుకుంటవి. కాని నెలల మోతాదు, ఎండలో చెమటోడ్చి నీళ్ళు చాలని ఒంటిలో, ఎంతో కీడు చేయగలదు.

మన జిల్లాలోనే ఉద్దానం ఉన్నది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు ఎన్ని కుటుంబాలు మూత్రపిండాల జబ్బుతో చితికిపోయినవో సభ్యులకు తెలుసు. ఆ జబ్బుకు మూలకారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. అయితే అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండానికి నొప్పి బిళ్ళ మరో దెబ్బ అన్నది తేలిన సంగతి. రక్తపోటు, చక్కెర ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా ఈ బిళ్ళలు వాడరాదు.

నరాల మందులని ఇచ్చే ప్రీగాబాలిన్ వంటివి కూడా ఈ నొప్పికి అందరూ అనుకున్నంత మేలు చేయవు. 2017లో ఆస్ట్రేలియాలో 209 మంది మీద పరీక్షించగా, మందు లేని బిళ్ళ వేసుకున్న వారికంటె మందు వేసుకున్నవారికి నొప్పి ఎక్కువగా తగ్గలేదు. తలతిరుగుడు మాత్రం ఎక్కువయింది. నొప్పి సూది పిరుదుకు తప్పు చోట వేస్తే, అది తుంటి నరానికే తగిలి కాలు పడిపోయే ప్రమాదమున్నది. తెలియనివారి చేత సూది వేయించుకోరాదు.

ఆగరాని గుర్తులు

ఇంతవరకు ఆగమని చెప్పాము. ఈ క్రింది గుర్తులలో ఏ ఒక్కటి కనిపించినా ఆగమని ఎవరు చెప్పినా వినరాదు.

1. మూత్రం బిగియడం, లేదా తెలియకుండా పోవడం. మల విసర్జన మీద పట్టు తప్పడం.

2. సైకిలు సీటు తగిలే చోట, అనగా కూర్చునే భాగంలో, తొడల లోపలి వైపు స్పర్శ తెలియకపోవడం.

3. పాదం వ్రేలాడిపోవడం. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియదు. మడమ మీద నిలబడలేరు. రోజురోజుకు బలం తగ్గుతుంది.

4. రెండు కాళ్ళకూ ఒకేసారి నొప్పి, బలహీనత రావడం.

5. నొప్పితోపాటు సాయంత్రపు జ్వరం, చెమటలు, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి. ఇది వెన్ను క్షయ కావచ్చు. పశువుల వద్ద పనిచేసే మనకు మరొకటి కూడా కావచ్చు. ఈసుకుపోయిన దూడను, మాయను వట్టి చేతులతో తీసినవారికీ, పచ్చి పాలు తాగేవారికీ బ్రూసెల్లోసిస్ అనే పశువుల జబ్బు అంటుకుని వెన్నులో చేరుతుంది. వైద్యునికి మీరు పాడి రైతులని, పశువు ఈసుకుపోయిన సంగతిని తప్పక చెప్పండి. ఈ రెంటికీ మందులున్నవి. వ్యాయామం వీటిని కుదర్చదు.

మొదటి నాలుగు గుర్తులు కనిపిస్తే ఆ రోజే పెద్ద ఆసుపత్రికి చేరాలి. ఇక్కడ ఆపరేషను ఆలస్యమైన కొద్దీ నష్టం శాశ్వతమవుతుంది. పాతపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి, వారు రాసిన చీటీతో శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి గాని, విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి గాని వెళ్ళాలి. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ వైద్య పథకం మీ ఆపరేషనుకు వర్తిస్తుందేమో గేదెను అమ్మేముందు ఆసుపత్రిలో అడగండి.

ఒక సంఘంలో క్యాన్లు ఎత్తే మనిషికి చెప్పు జారిపోవడం మొదలయింది. నడుము పట్టు అనుకుని, ఎదురుకాళ్ళతో పుట్టిన వాని చేత నడుము తొక్కించుకున్నాడు. మూడుసార్లు తొక్కించుకుని, నాలుగు వారాలు గడిచాక ఆసుపత్రికి వెళ్ళాడు. ఆపరేషను జరిగింది, నొప్పి పోయింది. పాదం మాత్రం ఇప్పటికీ పూర్తిగా లేవదు. కండ పట్టిన నడుము తొక్కితే సర్దుకున్నట్లు అనిపించవచ్చు. నరం నొక్కుకున్న నడుమును తొక్కించడం పుండు మీద కర్రతో కొట్టించుకోవడమే.

సంఘాలు చేయదగిన పనులు

వైద్యం ఎంత చేయించినా, మరునాడు అదే వంగుడుతో అదే క్యాను ఎత్తితే జబ్బు మళ్ళీ వస్తుంది. సంఘాల పాలకవర్గాలు ఈ క్రింది విషయాలు తమ సమావేశంలో చర్చించి, తీర్మానించి, మినిట్సు పుస్తకంలో రాయవలసినదిగా మా మనవి.

నిండు క్యానును ఇద్దరే ఎత్తాలి, చెరొక పిడి పట్టుకుని. ఒక్కరు ఎత్తడం సంఘం ఆవరణలో నిషేధించాలి. నేలమీద జరపవలసి వస్తే క్యానును అంచు మీద వాల్చి దొర్లించాలి, మోయరాదు.

వ్యాను ఆగే చోట, వ్యాను పలక ఎత్తుకు సమానంగా ఒక గట్టు కట్టించాలి. కొద్దిపాటి ఇటుక, సిమెంటు పని ఇది. క్యాను గట్టు మీద నిండితే ఎత్తే పనే ఉండదు, జరిపితే చాలును.

సభ్యులు ఇంటి వద్ద గొంతుకు కూర్చోక జానెడు ఎత్తు పీట మీద కూర్చుని, గేదెకు దగ్గరగా జరిగి పితకాలి. దూరంగా కూర్చుని చేతులు చాచి వంగరాదు. బకెట్టు సగమయ్యాక ఖాళీ చేసుకోవాలి. గడ్డి మోపు ఒకటి రెండు చేసుకోవాలి. కావిడి మోసేవారు రెండు వైపులా సమానంగా కట్టి, భుజం మారుస్తూ ఉండాలి. బరువు ఎత్తేటప్పుడు మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి ఆనించుకుని లేవాలి. తిరగవలసి వస్తే పాదాలతో తిరగాలి, నడుముతో కాదు.

జబ్బుపడిన సభ్యుల గేదెలను ఇరుగుపొరుగు సభ్యులు వంతులు వేసుకుని పితికిపెట్టే ఏర్పాటు కొన్ని ఊళ్ళలో ఇప్పటికే ఉన్నది. పని మానలేకనే మనవారు బిళ్ళలు మింగుతున్నారు గనుక, ఆ ఏర్పాటు వైద్యంలో ఒక భాగమే అనుకోవాలి. సహకారమంటే పాలు కలపడం ఒక్కటే కాదు గదా.

మొదట చెప్పిన సభ్యురాలి సంగతి. కార్యదర్శి ఆమెను వెంట తీసుకుని వెళ్ళి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించారు. కాలు బలం తగ్గలేదని తేలింది. ఎదురింటి కోడలు ఆ గేదెకు చేయి అలవాటు చేసింది. మొదటి రెండు రోజులు తన్నిందట, మూడవ రోజుకు చేపింది. మేము తరువాతి త్రైమాసిక తనిఖీకి వెళ్ళేసరికి సేకరణ పుస్తకంలో ఆ గడులు నిండి ఉన్నవి. ఆమె పీట వేసుకుని తానే పితుకుతున్నది. మోపు మాత్రం భర్త తెస్తున్నాడు. ఇంకా తెల్లవారుజామున పిక్క కొంచెం తిమ్మిరెక్కుతుందని చెప్పింది. గేదె సాలలోనే ఉన్నది.

ఈ వ్యాసాన్ని కార్యదర్శులు పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించాలనీ, ఆగరాని అయిదు గుర్తులను పెద్ద అక్షరాలతో రాసి సంఘం గోడకు అంటించాలనీ కోరుతున్నాము.